చప్పుడుకు కూలి ఎంత?

పోయిన వానాకాలంలో ఒక నిర్మాతకి ఫోన్ చేశాను. ఆయన తీసిన ఐదు భాగాల వెబ్ సిరీస్‌కి శబ్దం పని మొత్తం నేనే చేశాను. మాట్లాడుకున్నది లక్షా నలభై వేలు. పని అయిపోయి, అది జనం చూసి, నాలుగు మంచి మాటలు కూడా అని అప్పటికి పద్నాలుగు నెలలయింది. ఇంకా అరవై వేలు రావాలి. ఆయన ఏమీ కోప్పడలేదు. చాలా ప్రేమగానే మాట్లాడాడు. "చెల్లెమ్మా, నువ్వు మా ఇంటి ఆడపిల్లవి. మన మధ్య ఈ లెక్కలేంటమ్మా?" అన్నాడు.

ఇంటి ఆడపిల్లకి లెక్కలుండవన్నమాట! ఈ మాట నాకు కొత్త కాదు. మీకూ కొత్త కాదు. అన్నదమ్ముల దుకాణంలో కూర్చున్నా, సొంత చేలో కలుపు తీసినా, అత్తగారింట్లో పదిమందికి వండి పెట్టినా మనం విన్న మాటే. అయితే కంప్యూటరు ముందు కూర్చుని, చదువుకుని నేర్చుకున్న పనికి కూడా ఇదే మాట వినాల్సి వస్తుందని ఇరవై రెండేళ్ళ వయసులో అనుకోలేదు.

నా మగ మిత్రులకి డబ్బు ఎగ్గొట్టరా అని అడుగుతారేమో. ఎగ్గొడతారు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కాకపోతే వాళ్ళతో "మార్కెట్ బాలేదు బ్రదర్, వచ్చే ప్రాజెక్టులో చూసుకుందాం" అంటారు. అంటే బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటారు. నా దగ్గరికొచ్చేసరికి చుట్టరికం కలుపుతారు. చుట్టరికం కలిశాక బాకీ అన్నదే ఉండదు. మిగిలేది డబ్బడిగిన నా అమర్యాద ఒక్కటే.

నేను చేసే పనిని సౌండ్ డిజైన్ అంటారు. 2009లో రసూల్ పూకుట్టికి ఆస్కార్ వచ్చినప్పుడు ఇలాంటి పనివాళ్ళు ఉంటారని చాలామందికి తెలిసింది. మా ఊళ్ళోవాళ్ళు మాత్రం ఇప్పటికీ నేను పాటలు రికార్డు చేస్తాననే అనుకుంటారు. పాటలతో నాకు సంబంధం లేదు. తెర మీద మీరు వినే మిగతాదంతా నా పని. షూటింగులో రికార్డయిన మాటల్లోంచి జనరేటరు రొదనీ, ఎవరో దగ్గిన దగ్గునీ తీసేయాలి. పల్లె అయితే పల్లె, కృష్ణానగర్ సందు అయితే ఆ సందు, ఆ చోటు ఊపిరి వినిపించాలి. పొద్దున చప్పుడు వేరు, రాత్రి చప్పుడు వేరు. తర్వాత నడకలు, బట్టల రాపిడి, తలుపు గడియలు, గిన్నెలు. వీటిని బొమ్మ చూస్తూ స్టూడియోలో మళ్ళీ చేసి రికార్డు చేస్తాం. దీన్ని ఫోలీ అంటారు. ఎముక విరిగితే అది ములక్కాడ. గడ్డిలో నడిస్తే అది పాత క్యాసెట్లోంచి లాగిన టేపు కుప్ప. గుర్రం పరుగెత్తితే కొబ్బరి చిప్పలు. చివరికి అన్నింటినీ మాటలతో, సంగీతంతో కలిపి, ఏది ఎక్కడ పైకి లేవాలో, ఏది అణగాలో చూసి థియేటరుకి ఒక రకంగా, ఫోనుకి ఒక రకంగా తూచి ఇవ్వాలి.

ఈ పనిలో ఒక విచిత్రముంది. బాగా చేస్తే ఎవరికీ వినపడదు. ప్రేక్షకుడు దాన్ని సహజమనుకుంటాడు. ఇల్లు శుభ్రంగా ఉన్నంతకాలం ఊడ్చినవాళ్ళు గుర్తుకు రారు కదా, అలాంటిదే. చెత్త కనపడ్డ రోజునే "ఎవరూ ఊడవలేదా?" అని అడుగుతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను చూసిన రికార్డింగు గదుల్లో తెర మీది ఆడవాళ్ళ అడుగులు వేసింది ఎక్కువగా మగవాళ్ళే. హీల్స్ తొడుక్కుని, గాజులు చేతికెక్కించుకుని, చీర చెంగు విదిలిస్తూ కథానాయిక నడక నడిచే మీసాల ఆయన్ని చూసి మొదటిరోజు నవ్వాపుకోలేకపోయాను. ఆయన పనితనం గొప్పది, దాన్ని కాదనను. కానీ ఆడమనిషి అడుగు ఎలా ఉంటుందని వాళ్ళకి అలవాటైపోయిందో వింటే కోపం వస్తుంది. ఒక సినిమాలో స్త్రీ న్యాయవాది కోర్టు వరండాలో వడివడిగా నడుస్తుంది. దర్శకుడు అక్కడ మువ్వల చప్పుడు కావాలన్నాడు. "ఆవిడ కాళ్ళకి పట్టీలు లేవండీ" అన్నాను. "ఉన్నాయని ఎవరు చూశారు? ఆడది నడుస్తున్నట్టు తెలియాలి కదా" అన్నాడు. నేను పెట్టలేదు. ఆయన మిక్సింగు రోజున వేరే కుర్రాడితో పెట్టించుకున్నాడు. ఆ సినిమాలో నా పేరు పక్కన ఆ మువ్వలు ఇప్పటికీ మోగుతున్నాయి.

డబ్బు సంగతికి వస్తాను.

ఇరవై నిమిషాల లఘుచిత్రం ఒకటి పద్దెనిమిది వేలకి ఒప్పుకున్నాను. ఆ పనికి పట్టిన రోజులు పందొమ్మిది. రోజుకి ఏడు గంటలు వేసుకున్నా నూటముప్ఫై మూడు గంటలు. అంటే గంటకి నూట ముప్ఫై అయిదు రూపాయలు. అందులోంచే గది అద్దె, కరెంటు, కంప్యూటరు వాయిదా, స్పీకర్లు, మైకులు, సాఫ్ట్‌వేరుకి ఏటా కట్టేది. నడకల కోసం నేను కొన్న పాత చెప్పుల జతలు పదకొండు. వాటినెవరూ లెక్కలో వేయరు. పెద్ద కంపెనీలైతే చేతికిచ్చేముందు పది శాతం పన్ను పట్టుకుంటాయి. అది రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది. రిటర్ను వేయడం తెలియక మొదటి రెండేళ్ళు ఆ డబ్బు పోగొట్టుకున్నాను.

అదే నిడివి సినిమాకి నాతోపాటు చదువుకున్న మిత్రుడు ముప్ఫై వేలు తీసుకున్నాడు. అతను దాచుకోలేదు, మాటల్లో చెప్పాడు. నేను పద్దెనిమిది అన్నానని విని బిత్తరపోయాడు. "నువ్వే తక్కువ అడిగావు" అన్నాడు. నిజమే, నేనే తక్కువ అడిగాను. ఎందుకు అడిగానో ఆలోచిస్తే రెండు మూడు రోజులు నిద్ర పట్టలేదు. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం చేసుకున్నాం. 2019 వేతనాల కోడ్‌లోకీ ఆ మాట వచ్చింది. కానీ ఆ చట్టానికి పోల్చడానికి ఒక యజమాని, ఒక జీతాల రిజిస్టరు కావాలి. నా పనికి రిజిస్టరు ఏది? ప్రతిసారీ రేటు కొత్తగా, ఫోన్‌లో, ఒంటరిగా బేరమాడుకోవాలి. బేరమాడే ఆడదాన్ని కూరగాయల బండి దగ్గర మెచ్చుకుంటారు గానీ తన కష్టం ధర దగ్గర మెచ్చుకోరు. చిన్నప్పటి నుంచీ "ఎంత ఇస్తే అంత తీసుకో, నోరు తెరిచి అడక్కు" అని పెంచారు. అది మనసులో ఎంత లోతుగా దిగిందో, రేటు చెప్పేటప్పుడు గొంతులో తెలుస్తుంది. నా గొంతు రికార్డింగులు నేనే విన్నాను. అంకె దగ్గరికి రాగానే గొంతు తగ్గుతుంది.

మా అమ్మ కామారెడ్డి దగ్గర పల్లెలో ముప్ఫై ఏళ్ళు బీడీలు చుట్టింది. తడిపిన తునికాకు, ఒళ్ళో చాట, చేతిలో కత్తెర. నేను పుట్టి విన్న మొదటి చప్పుళ్ళు బహుశా అవే. ఆకు గలగలని నేను ఒకసారి రికార్డు చేసి, ఒక సినిమాలో ఎండిన అడవిలో నడకకి వాడాను. అమ్మకి వినిపిస్తే "దీనికి పైసలిస్తరా బిడ్డా?" అని అడిగింది. ఇస్తారన్నాను. "నాకియ్యలే గదా" అని నవ్వింది.

అమ్మ నవ్వుతూ అన్నది గానీ నేను ఆ మాటని వదల్లేదు. ఎందుకంటే మా ఇద్దరి పనీ ఒకేలా ఉంది. ఇంట్లోనే కూర్చుని చేస్తాం. పనిముట్లు మావి, నడుంనొప్పి మాది. వేళాపాళా ఉండదు. మధ్యలో పొయ్యి మీద కుక్కరు చూసుకోవాలి. సాయంత్రానికి టేకేదారు బీడీలు చూసి కొన్ని బాగాలేవని పక్కన పడేసేవాడు. వాటికి కూలి లేదు. నేను పంపిన రీలు చూసి దర్శకుడు "ఇంకోసారి చేయమ్మా" అంటాడు. ఇంకోసారికి డబ్బు లేదు. ఒక సినిమాకి పదకొండు సార్లు మార్పులు చేశాను.

ఇక్కడే అమ్మ నాకంటే ముందుంది. అమ్మకి గుర్తింపు కార్డుంది, పీఎఫ్ నంబరుంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, సంఘాలు కొట్లాడి తెచ్చుకున్నది. ఇళ్ళలో బీడీలు చుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కారు, మా కప్పు కింద పనిచేయరు, మేం పర్యవేక్షించం అని యజమానులు కోర్టుకెక్కారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇంట్లో చుట్టినా వాళ్ళు ప్రావిడెంట్ ఫండ్ చట్టం కింద ఉద్యోగులేనంది. బీడీలు బాగాలేవని తిరస్కరించే హక్కు యజమాని చేతిలో ఉంది కదా, అజమాయిషీ అంటే అదేనంది. ఈ తీర్పు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ పదకొండు మార్పులు గుర్తుకొచ్చాయి.

నేను లాయర్ని కాను. నా పని అచ్చంగా బీడీ పనేనని కోర్టులో నిలబడుతుందని అనను. అమ్మ ఒకే కంపెనీకి చుట్టేది, నేను ఏడాదికి ఏడెనిమిది మందికి చేస్తాను. కానీ "నువ్వు స్వతంత్రురాలివి, నీకెవరూ బాస్ లేరు" అని నన్ను ఊరడించేవాళ్ళకి ఆ తీర్పు చూపించాలనిపిస్తుంది. బాస్ లేని పనిలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "రేపు పొద్దున్నకల్లా కావాలి" అనేది ఎవరు? మా అమ్మాయి పుట్టినప్పుడు పన్నెండో రోజున ల్యాప్‌టాప్ తెరిచాను. 2017 సవరణ తర్వాత ఉద్యోగినికి ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవుంది. అదీ పదిమందికి తగ్గకుండా పనిచేసే చోట, ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసి ఉంటేనే. నాలాంటివాళ్ళకి ఒక్క రోజు కూడా లేదు. ఆ నెల పని వదులుకుంటే ఆ దర్శకుడు వేరేవాళ్ళని చూసుకుంటాడు, మళ్ళీ పిలవడు. స్వతంత్రం అంటే ఇదేనా?

సినిమా పనివాళ్ళకి చట్టం లేదని కూడా కాదు. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినీ కార్మికుల్ని పనిలో పెట్టుకోకూడదని 1981లోనే పార్లమెంటు చట్టం చేసింది. రాబడి ఒక పరిమితి దాటనివాళ్ళకే అది వర్తించేది. ఇప్పుడది 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఆడియో విజువల్ వర్కర్ అని ఉంది, ఒప్పందం మాటా ఉంది. పదేళ్ళ నా పనిలో నా చేతికొచ్చిన రాతపూర్వక ఒప్పందాలు నాలుగు. వాటిలో రెండు నేనే రాసి, బతిమాలి సంతకం పెట్టించుకున్నవి.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ ముప్ఫై శాతం వేతనాల పెంపు కోసం రెండు వారాలకు పైగా సమ్మె చేసింది. షూటింగులు ఆగిపోయాయి. లైట్లు మోసేవాళ్ళూ, మేకప్ వాళ్ళూ ఒక్కమాటగా నిలబడటం చూసి నాకు సంతోషమేసింది, అసూయ కూడా కలిగింది. వాళ్ళకి రోజు కూలి అనేది ఒకటుంది. పెంచమని అడగడానికి ఒక అంకె ఉంది. మాకు ఆ అంకె లేదు. నేను సభ్యత్వం కోసం ఒక సంఘాన్ని అడిగితే చెప్పిన రుసుము నా ఏడాది సంపాదనకి దగ్గరగా ఉంది. పైగా "ఆడవాళ్ళు నైట్ షిఫ్టులు చేయగలరా?" అని అడిగారు. సంఘమే గేటు దగ్గర ఇలా అడిగితే ఎవరితో చెప్పుకోవాలి?

నైట్ షిఫ్టు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పెద్ద స్టూడియోలు రాత్రి చవగ్గా దొరుకుతాయి. చిన్న సినిమాల మిక్సింగంతా రాత్రులే. శబ్దం బయటికి పోని, లోపలికి రాని గది, బరువైన తలుపు, అందులో నేనూ ఇద్దరు ముగ్గురు మగవాళ్ళూ. ఆ గది గోడలు ఎందుకు అలా కడతారో నాకు తెలుసు కాబట్టే ఇంకా భయం. ఒక రాత్రి ఏం జరిగిందో ఇక్కడ రాయను. అప్పుడు ఎవరికి ఫిర్యాదు చేయాలో నాకు తెలియదని మాత్రం చెబుతాను. నాకు ఆఫీసు లేదు, అంతర్గత కమిటీ లేదు. 2013 చట్టం ప్రకారం పదిమంది కంటే తక్కువ పనిచేసేచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయితే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. బాధితురాలు అక్కడ ఉద్యోగి కానక్కరలేదు కూడా. మూడు నెలల్లోపు ఫిర్యాదివ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. ఇదంతా నాకు తెలిసేసరికి ఆరు నెలలూ దాటిపోయాయి. ఈ పేరా చదివేవాళ్ళలో ఒక్కరికైనా ముందే తెలుస్తుందని రాస్తున్నాను.

నోరు తెరిస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి 2018లో మీటూ సమయంలో మాట్లాడిన కొద్దివారాలకే చెన్నైలోని డబ్బింగ్ యూనియన్ ఆమెని తొలగించింది. సభ్యత్వ రుసుము కట్టలేదని కారణం చూపించింది. కేరళలో 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ 2019 చివర్లో నివేదిక ఇస్తే, అది జనానికి కనపడింది 2024 ఆగస్టులో. అంత పేరున్న స్త్రీలకే ఇలా ఉంటే గదిలో కూర్చుని చప్పుళ్ళు చేసుకునే నాలాంటివాళ్ళ సంగతి చెప్పాలా? అలాగని అన్ని తలుపులూ మూసుకుపోయాయనను. తెలుగు సినిమాల్లో పనిచేసిన సాజిదా ఖాన్‌ని తొలి మహిళా ఆడియో ఇంజనీరుగా 2018లో కేంద్ర ప్రభుత్వం సత్కరించింది. ఆ వార్త కత్తిరించి నా మిక్సింగ్ బల్ల పైన అంటించుకున్నాను. కానీ 2018లో తొలి మహిళ అని రాసుకోవలసి వచ్చిందంటే, అందులో సంతోషించాల్సింది ఎంతో, సిగ్గుపడాల్సిందీ అంతే.

ఇంతవరకూ ఇతరుల తప్పులు రాశాను. నాదీ ఒకటుంది. రెండేళ్ళ క్రితం నా దగ్గరికి ఒక అమ్మాయి పని నేర్చుకుంటానని వచ్చింది. మంచి చెవి. పైన చెప్పిన వెబ్ సిరీస్‌లో ఆడవాళ్ళ నడకలన్నీ ఆ అమ్మాయి చేతే వేయించాను. మీసాల ఆయన అక్కర్లేదు, మా ఆడవాళ్ళ అడుగు మేమే వేస్తాం అని గర్వపడ్డాను కూడా. నలభై రోజులు పనిచేసింది. నేనిచ్చింది మధ్యాహ్నం భోజనం, బస్సు చార్జీలు. ఆఖరిరోజు ఆ పిల్ల నిలబడే అడిగింది. "అక్కా, నాకేమైనా ఇస్తారా?" నేనేమన్నానో తెలుసా? "నువ్వు నా సొంత చెల్లెల్లాంటిదానివి కదా, పని నేర్చుకున్నావు, నాకే ఇంకా డబ్బు రాలేదు" అన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అవి వేరే చప్పుడు చేశాయి, నాకు బాగా గుర్తు.

నిర్మాత నన్ను చెల్లెమ్మా అన్నరోజున ఆ పిల్ల మొహమే కళ్ళముందు కదిలింది.

ఆ తర్వాత కొన్ని పనులు చేశాను. ఉద్యమ్‌లో చిన్న సంస్థగా నమోదయ్యాను. ఖర్చేమీ కాలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం సేవలకీ వర్తిస్తుంది. రాసుకున్న గడువు ఎంత ఉన్నా నలభై అయిదు రోజులు మించకూడదు. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ అడగవచ్చు. అయితే పని ఒప్పుకోకముందే నమోదై ఉండాలన్నది చాలామందికి తెలియని మెలిక. నేను నమోదైంది పని అయిపోయాక. అందుకని అరవై వేలకి ఆ దారి పనికి రాలేదు. స్నేహితురాలైన లాయరు చేత మామూలు నోటీసు పంపించాను. బాకీ దావాకి మూడేళ్ళ గడువుంటుంది, అది మిగిలే ఉంది. నా దగ్గర ఒప్పందం కాయితం లేదు గానీ ఆయన పంపిన మెసేజీలున్నాయి. లక్షా నలభై అని ఆయనే రాశాడు. నోటీసు అందిన పన్నెండో రోజున నలభై వేలు వచ్చాయి. మిగతా ఇరవై రాలేదు. ఆయనా, ఆయన మిత్రులిద్దరూ ఇక నన్ను పనికి పిలవడం లేదు. "ఆవిడ కోర్టులంటుంది" అని చెప్పుకుంటున్నారట. ఆ ఏడాది నా రాబడి మూడో వంతు తగ్గింది. ఇది రాయకుండా "నోటీసు పంపండి, డబ్బొస్తుంది" అని మాత్రమే రాస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

కాబట్టి ఒక్కొక్కరం నోటీసులు పంపుకోవడంతో ఇది తెగదు. హైదరాబాదులో ఎడిటింగు, సౌండు, యానిమేషను, సబ్‌టైటిళ్ళ పనులు ఇళ్ళల్లో చేసుకునే ఆడవాళ్ళం పద్దెనిమిది మందిమి ఒకచోట కలిశాం. మొదటి సమావేశంలో చేసిన పని ఒక్కటే. ఎవరికి ఎంత ఇస్తున్నారో కాయితం మీద రాసి మధ్యలో పెట్టాం. ఒకే కంపెనీ ఒకే పనికి ముగ్గురికి మూడు రేట్లు ఇచ్చిందని తేలింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. సగం డబ్బు ముందు, రెండు దఫాల మార్పులు ఉచితం, మూడోదానికి రేటు, రాత్రి పనైతే ఇంటికి బండి అని ఒక పేజీ రాసుకున్నాం. అందరం దాన్నే పంపుతున్నాం. మొన్న ఒకరు దాన్ని చూసి "మీ ఆడవాళ్ళంతా కూడబలుక్కున్నారా?" అని అడిగారు. అవునన్నాను. మా సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు. అసంఘటిత రంగంలో పనిచేస్తున్న మీ సంఘాలు బీడీ కార్మికుల దగ్గర నేర్చుకున్నది మాకు వచ్చి చెబితే బావుండునని నా కోరిక.

వచ్చిన నలభై వేలలోంచి ఆ అమ్మాయికి పన్నెండు వేలు పంపించాను, ఆలస్యానికి క్షమించమని కూడా రాశాను. తీసుకుంది. మళ్ళీ వస్తావా అంటే, రేటు చెప్పి వస్తానంది. ఇప్పుడు వారానికి మూడు రోజులు వస్తోంది. నన్ను అక్కా అనడం మానేసి మేడమ్ అంటోంది. మొదట్లో కాస్త గుచ్చుకుంది. పోయిన నెలకి ఆమె ఇచ్చిన బిల్లు నా బల్ల మీదుంది. పదమూడు రోజులు, రోజుకి వెయ్యి, కొత్త చెప్పులకి మూడు వందల ఎనభై. పదో తారీఖులోగా ఇవ్వాలని కింద గీత గీసి రాసింది.